మాఘంలో పెళ్ళిరోజు

తెలుగు పంచాంగం పుష్యమాసాన్ని శుభకార్యాలకు పనికిరాని శూన్యమాసంగా పరిగణిస్తుంది. అంతకుముందే, అంటే సూర్యుడు ధనూరాశిలోకి ప్రవేశించే డిసెంబరు నడుమ నుంచి మకర సంక్రాంతి వరకు, ధనుర్మాసం పేరిట ముహూర్తాలు ఆగిపోతాయి కాబట్టి, నెలకు పైగా మూతబడిన కల్యాణమంటపాల తలుపులు మాఘంలో ఒక్కసారిగా తెరుచుకుంటాయి. గురు, శుక్ర గ్రహాలు సూర్యునికి చేరువై కంటికి కనబడకుండా పోయే మూఢం అడ్డురాని సంవత్సరాల్లో ఈ నెలలో పురోహితులు దొరకడమే కష్టమవుతుంది. అందుకే తెలుగు దంపతుల చలికాలపు పెళ్ళిరోజుల్లో చెప్పుకోదగ్గ భాగం మాఘానికే చెందుతుంది. ఆ పెళ్ళిరోజును ఏ నాడు జరుపుకోవాలి, దాని చుట్టూ ఉన్న వారం ఎలా గడుస్తుంది అన్న రెండు ప్రశ్నలూ మాఘంలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి.

మొదటి ప్రశ్న తిథికీ తేదీకీ మధ్య ఉన్నది. చంద్రుడు సూర్యుని కంటే పన్నెండు డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలం ఒక తిథి. అది సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా మారుతూ ఉంటుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే దాదాపు 354 రోజులే అవుతాయి గనుక, తిథి ప్రకారం వచ్చే పెళ్ళిరోజు ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు వస్తుంది. రెండున్నర, మూడేళ్ళకు ఒకసారి అధికమాసం చేరినప్పుడు మళ్ళీ వెనక్కి పోతుంది. మాఘ శుద్ధ సప్తమి, అంటే రథసప్తమి, 2023లో జనవరి 28న వచ్చింది. ఆ ఏడాది అధిక శ్రావణం పడడంతో 2024లో ఫిబ్రవరి 16కు జరిగి, 2025లో ఫిబ్రవరి 4కూ, 2026లో జనవరి 25కూ చేరింది. రథసప్తమి నాడు పెళ్ళయిన దంపతులకు తేదీ ఒక్కటే నిలకడగా ఉంటుంది, తిథి మాత్రం దాని చుట్టూ కొన్ని వారాల మేర తిరుగుతూ ఉంటుంది.

శుభలేఖ ఈ రెండింటినీ అచ్చువేస్తుంది: సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, లగ్నం, వాటి పక్కనే ఇంగ్లీషు తేదీ. పెళ్ళి అయిన మరుసటి ఏడాది నుంచి చాలా ఇళ్ళలో తేదీయే మిగులుతుంది. పెద్దలు పోయిన తిథిని ఆబ్దికం కోసం తరతరాలుగా జాగ్రత్తగా గుర్తుపెట్టుకునే కుటుంబాలే, ఇద్దరు బతికున్న మనుషులు ఒక్కటైన తిథిని మరిచిపోతున్నాయంటే అది విచారించదగిన విషయం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న జంటకు పని ఇంకా చిక్కుగా ఉంటుంది. తిథిని అక్కడి సూర్యోదయానికి లెక్కగట్టుకోవాలి, వేడుకను శనివారానికో ఆదివారానికో జరపాలి, ఇండియాలో ఉన్న తల్లిదండ్రుల ఆశీస్సులు మాత్రం వాళ్ళు లెక్కపెట్టిన రోజునే ఫోన్‌లో అందుతాయి.

దేవుళ్ళ పెళ్ళిరోజుకు ఈ సందిగ్ధం లేదు, అది పంచాంగం ప్రకారమే జరుగుతుంది. కోనసీమలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవాలు రథసప్తమి నాడు స్వామిని పెళ్ళికొడుకును, అమ్మవారిని పెళ్ళికూతురిని చేయడంతో మొదలవుతాయి. దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం. రథం కదిలిన తర్వాత స్వామి తన చెల్లెలుగా జనం నమ్మే గుర్రాలక్క గుడికి వెళ్ళి చీర, పసుపు, కుంకుమ పెట్టి రావడం అక్కడి ఆచారం. లోకానికి కనిపించే కల్యాణం ఒక్క రాత్రిదే అయినా, ఆడపడుచుకు సారె పెట్టడం లాంటి ఇంటి మర్యాదలను కూడా ఉత్సవంలో భాగం చేసిన ఆ ఊరి పెద్దల అవగాహన గొప్పది. వైష్ణవాలయాల్లో దేవతా దంపతులకు మేలుకొలుపు, స్నానం, నైవేద్యం, పవళింపు నిత్యం జరుగుతాయి. ఏడాదికొకసారి వచ్చే కల్యాణం ఆ నిత్యసేవ మీదే నిలబడుతుంది.

మనుషుల ఇంట్లోనూ పెళ్ళిరోజు ఒక్క సాయంత్రంతో అయ్యేది కాదు, ఆ వారమంతా సాగే పనుల మధ్య నుంచే అది వస్తుంది. మాఘం శిశిర ఋతువులో మొదటి నెల. పగటి ఎండ కొద్దికొద్దిగా చురుక్కుమంటున్నా తెల్లవారుజాము చలి తగ్గదు. రాత్రి తోడుపెట్టిన పాలు తెల్లారేసరికి పెరుగు కావు గనుక గిన్నెను గుడ్డ చుట్టి వెచ్చగా దాచాలి; ఇడ్లీ పిండి పులియడానికి ముందురోజు మధ్యాహ్నమే రుబ్బిపెట్టాలి; కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది; దండెం మీద బట్టలు ఆరడం ఆలస్యమవుతుంది. స్నానానికి నీళ్ళు కాచడం దగ్గర మొదలయ్యే పొద్దు అందరికంటే ముందు ఎవరో ఒకరు లేస్తేనే నడుస్తుంది. పంచమి నాడు సరస్వతీపూజ, పిల్లలుంటే అక్షరాభ్యాసం. సప్తమి నాడు తల మీద జిల్లేడు ఆకులు, రేగుపండ్లు ఉంచుకుని స్నానం, పిడకల మీద పొంగించిన పాలతో కొత్తబియ్యం పరమాన్నం, దాన్ని చిక్కుడు ఆకుల్లో పెట్టి సూర్యునికి నివేదన, చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చేసిన చిన్న రథం. ఏకాదశి నాడు ఉపవాసం. పెళ్ళిరోజు ఈ తిథుల నడుమ పడిన ఇంట్లో వంటింటి పొయ్యి ఆ వారం దాదాపు చల్లారదు.

ఆ పొయ్యి దగ్గర నిలబడేది ఎవరన్న ప్రశ్న వేయకుండా దంపతుల వేడుకను వర్ణించడం అసంపూర్ణమే అవుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, పాల్గొన్న మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అసలు ఆ పనిలో ఏదో ఒకటి చేసిన మగవారు నూటికి ఇరవై ఆరుగురే, ఆడవారు ఎనభై ఒక్కరు. ఈ లెక్క పండుగలకు ప్రత్యేకించినది కాదు, సగటు రోజుదే. పెళ్ళిరోజు నాడు భార్యకు పట్టుచీర కొనిపెట్టి, ఆ చీర కట్టుకునే ముందే ఇరవై మందికి పులిహోర, బూరెలు వండవలసిన స్థితిలో ఆమెను ఉంచడం మన్నించదగిన అలవాటు కాదు. నీళ్ళు కాచడం, పాలు తోడుపెట్టడం, పిండి రుబ్బడం, అతిథులు వెళ్ళాక గిన్నెలు తోమడం భర్త కూడా పంచుకున్న ఇంట్లోనే ఆ చీరకు విలువ ఉంటుంది. ఉద్యోగాలు చేసే కొత్త జంటల్లో ఇది మెల్లగా అలవాటవుతుండడం సంతోషించవలసిన మార్పు.

వేడుక రూపాలు పాతవీ కొత్తవీ కలిసే ఉన్నాయి. ఉదయం తలంటి, కొత్తబట్టలు, పెద్దల అక్షింతలు, సాయంత్రం కేకు. వీలున్నవారు అన్నవరం రత్నగిరికి వెళ్ళి, చలిలో కొండ మీద దంపతులిద్దరూ పీటల మీద కూర్చుని సత్యనారాయణస్వామి వ్రతం చేసి, గోధుమరవ్వ ప్రసాదం తీసుకుని దిగుతారు. ఆ వ్రతంలో భార్యాభర్తలు చాలాసేపు ఒకే పని మీద పక్కపక్కన కూర్చుంటారు. కేకు కోసే నిమిషానికి ఆ అవకాశం లేదు. ఇరవై ఐదేళ్ళకు వెండి, యాభై ఏళ్ళకు బంగారం అనే లెక్క యూరప్ నుంచి వచ్చింది. తెలుగువారి సొంత మైలురాళ్ళు వేరు: ప్రభవ మొదలు అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లు ఒక చుట్టు పూర్తయి, పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ వచ్చినప్పుడు షష్టిపూర్తి, డెబ్బైలో భీమరథ శాంతి, వేయి పున్నములు చూసినవారికి, అంటే సుమారు ఎనభై ఒక్క ఏళ్ళకు, సహస్ర చంద్రదర్శనం. షష్టిపూర్తిలో భర్త మళ్ళీ తాళి కడతాడు, పిల్లలూ మనవలూ అక్షింతలు వేస్తారు. ఆ మేరకు అది రెండో పెళ్ళిరోజు. కానీ లెక్కకు వచ్చేది భర్త వయసే, భార్యకు అరవై నిండిన రోజుకు మామూలుగా అలాంటి మర్యాద జరగదు. ఆమె అరవైని కూడా ఇంటిల్లిపాదీ అదే శ్రద్ధతో జరపడానికి ఏ శాస్త్రమూ అడ్డుపడదు.

తిథికీ తేదీకీ మధ్య తేడా కూడా దంపతుల జీవితకాలంలో కొన్నిసార్లు తీరిపోతుంది. పంతొమ్మిది సౌర సంవత్సరాల్లో ఇంచుమించు సరిగ్గా 235 చాంద్రమాసాలు ఇముడుతాయి కాబట్టి, పెళ్ళయిన పంతొమ్మిదో ఏడు, ముప్పై ఎనిమిదో ఏడు, ఆయుష్షుంటే యాభై ఏడో ఏడు తిథీ తేదీ ఒకే రోజున, లేదా ఒక రోజు అటూ ఇటూగా కలుస్తాయి. ఆ మూడు ఏళ్ళనూ శుభలేఖ వెనుక రాసిపెట్టుకోవడానికి ఒక పాత పంచాంగం, ఒక కలం చాలు.