హైదరాబాదు పేరు మోసిన విమానాలు – తిరిగిరాని వైమానికులు

సూరత్ నుండి నవ్‌సారి వైపు పోయే రైలు ఉధనా దాటిన తరువాత భేస్తాన్ స్టేషనులో ఆగుతుంది. ఈ పరిసరాల్లో తెలుగు మాట వినబడటం వింత కాదు. మరమగ్గాల మీద బతుకు వెదుక్కుంటూ వరంగల్లు, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుండి వచ్చిన నేత కుటుంబాలు సూరత్ చుట్టుపక్కల తరతరాలుగా నివసిస్తున్నాయి. ఒక ఆదివారం సాయంత్రం మన సంస్థ ఉద్యోగి ఒకరి ఇంట కూర్చుని ఉండగా, వారి అబ్బాయి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. “హైదరాబాదు అని పేరు రాసి ఉన్న బాంబర్ విమానం లండనులో ఉందట, నిజమేనా అంకుల్?”

నిజమే. లండను నగరంలోని హెండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఆ విమానాన్ని నేటికీ చూడవచ్చును. దాని నంబరు ఎఫ్ 1010, పేరు ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’. దాని వెనుక ఉన్న కథ మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళంతో బ్రిటిషు వారు ఒక స్క్వాడ్రనుకు కావలసిన విమానాలు సమకూర్చుకున్నారు. 1917 నవంబరు 1న ఏర్పడిన ఆ దళమే 110వ స్క్వాడ్రన్. అప్పటి నుండి దాని పేరు చివర ‘హైదరాబాద్’ చేరింది. దళ చిహ్నంలోని పులి బొమ్మ కూడ నిజాం రాజచిహ్నం నుండి తీసుకున్నదే. ప్రతి విమానం మీదా ఇది నిజాం ఇచ్చిన కానుక అని రాయించారు. కానుక ఇచ్చినది నిజాం ప్రభువే అయినా, ఆ ఖజానా నిండినది రైతు కట్టిన శిస్తుతో. సంస్థానంలో ఏ ఇతర భాష వారికంటే తెలుగువారే ఎక్కువ. తాను కట్టిన రూపాయి జర్మనీ ఆకాశంలో ఎగురుతున్నదని ఆ రైతుకు ఎవరైనా చెప్పి ఉంటారా అన్నది నా సందేహం.

ఆ విమానం డి.హెచ్.9ఏ రకానికి చెందినది. నాలుగు వందల అశ్వశక్తి గల లిబర్టీ ఇంజను, కర్రతో చేసిన చట్రం, దాని మీద బిగించిన గుడ్డ. మనుషులు ఇద్దరే. ముందు పైలట్, వెనుక తుపాకి పట్టుకొని అబ్జర్వర్. పైన కప్పు లేదు, దిగడానికి పారాచూట్ లేదు. 1918 సెప్టెంబరు మొదట్లో ఫ్రాన్సు చేరిన ఈ దళం, పట్టపగలు శత్రుదేశం లోపలికి వెళ్లి బాంబులు వేయవలసి వచ్చింది. యుద్ధం ముగిసే నవంబరు 11 నాటికి వేసిన బాంబులు పదిన్నర టన్నులు. అందుకు చెల్లించిన మూల్యం – ఆచూకీ లేకుండా పోయిన విమానాలు 17, ప్రమాదాల్లో ధ్వంసమైనవి 28. అక్టోబరు 21న ఒక్క రోజే ఏడు విమానాలు తిరిగిరాలేదు.

ఎఫ్ 1010 అక్టోబరు 5న వెళ్లి తిరిగిరాలేదు. అందులో ఉన్నవారు కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ. స్థావరంలో వారి పేర్ల ఎదుట రాసిన మాట ‘మిస్సింగ్’ అనేదే. ఆ మాటలోని బాధ సైనిక కుటుంబాలకే తెలుస్తుంది. మరణవార్త వస్తే ఏడ్చి, కర్మ జరిపి, దినం చేసి కొంత ఊరట పొందవచ్చును. ఆచూకీ లేదన్న తంతి వచ్చిన ఇంట్లో అది కూడ సాధ్యం కాదు. తల్లి ఏ పూటకాపూట వీధి వైపు చూస్తూనే ఉంటుంది. భార్య బొట్టు పెట్టుకోవాలో వద్దో చెప్పగలిగేవారు ఉండరు.

దేవుని దయవలన వారిద్దరూ బ్రతికే ఉన్నారు. శత్రువులకు యుద్ధఖైదీలుగా చిక్కారు. ఐదు వారాలకే యుద్ధం ముగిసింది. అందరికీ అంతటి అదృష్టం పట్టలేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మరునాడు, 1939 సెప్టెంబరు 4న, విల్‌హెల్మ్స్‌హేవన్ తీరంలోని జర్మను యుద్ధనౌకల మీద జరిగిన బ్రిటిషు వారి తొలి బాంబుదాడిలో పాల్గొన్నది కూడ ఈ 110వ దళమే. ఫ్లైట్ లెఫ్టినెంట్ డోరన్ నాయకత్వంలో మన ‘హైదరాబాద్’ దళం నుండి ఐదు, 107వ దళం నుండి ఐదు బ్లెన్‌హైమ్ విమానాలు దాడికి దిగాయి. ఒక్కొక్క విమానంలో ముగ్గురు. మేఘాలు చాలా కిందకు దిగి ఉన్నాయి. పదింటిలో ఐదు తిరిగిరాలేదు. 110వ దళం పోగొట్టుకున్నది ఒక్కటే. దాని పైలట్ పేరు ఫ్లయింగ్ ఆఫీసర్ ఎమ్డెన్. ఆనాడు అక్కడ లంగరు వేసిన నౌకలలో ఒకదాని పేరు కూడ ఎమ్డెనే! ఒక బ్లెన్‌హైమ్ ఆ నౌక మీదనే కూలింది. అది ఈయన నడిపిన విమానమేనని పలువురు రాశారు.

ఎమ్డెన్ పేరు దక్షిణ భారతదేశపు పెద్దలకు కొత్త కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని చమురు ట్యాంకులపై గుండ్లు కురిపించిన నౌకకు కూడ అదే పేరు. ఆ నౌక ఆ ఏడాదే నాశనమైంది. 1939 నాటిది ఆ పేరుతో తరువాత కట్టినది.

1942లో 110వ దళం భారతదేశానికి వచ్చి, వెంజెన్స్ విమానాలతో బర్మా యుద్ధంలో పాల్గొన్నది. ఆ అడవుల్లో కూలిన విమానం పది అడుగుల దూరంలో ఉన్నా కనబడదు. ఆగ్నేయాసియాలో సమాధి కూడ దొరకని వైమానికుల పేర్లు సింగపూరులోని క్రాంజి స్మారకంపై చెక్కి ఉన్నాయి. అక్కడ ఉన్న 24 వేలకు పైబడిన పేర్లలో భారతీయులూ ఉన్నారు.

యుద్ధానంతరం తప్పిపోయిన వైమానికుల కోసం బ్రిటిషు వారు ప్రత్యేక అన్వేషణ విభాగాన్ని నడిపారు. వెదకవలసిన వారి సంఖ్య దాదాపు 42 వేలు. పల్లె పల్లెకూ పోయి, రైతులను విచారించి, ఉంగరం, చొక్కా గుండీ, ఇంజను నంబరు వంటి ఆనవాళ్లతో మనిషిని గుర్తించేవారు. ఆ పని ఏళ్ల తరబడి సాగింది.

ఇక ఎఫ్ 1010 సంగతి. జర్మనులు దానిని విజయచిహ్నంగా బెర్లిన్ ప్రదర్శనశాలలో ఉంచారు. రెండవ యుద్ధంలో బాంబులకు భయపడి తూర్పుకు తరలించగా అది పోలండు చేతికి చిక్కింది. 1977లో పోలండు వారు ఒక స్పిట్‌ఫైర్‌ను బదులుగా తీసుకొని దానిని బ్రిటనుకు ఇచ్చారు. తప్పిపోయిన 59 ఏళ్లకు అది ఇల్లు చేరింది.

ఇదంతా విన్న అబ్బాయి కాసేపు ఆలోచించి, “మరి దాని మీద హైదరాబాద్ అని తెలుగులో రాశారా?” అని అడిగాడు. లేదు నాయనా, ఇంగ్లీషులోనే రాశారు అన్నాను.