బిందెలోని నీరు – పొలములోని మడవ

బిందె నిండినపిమ్మట ఆ నీటి పుట్టుపూర్వములను విచారించు తీరిక మన యిండ్లలో నెవరికి గలదు? మురికిగా నున్నచో చిల్లగింజ నరగదీసి కలుపుదుము. అనుమానమున్నచో కాచి చల్లార్చుదుము. మన యమ్మమ్మలు నేర్పిన యీ జాగ్రత్తలు మంచివే. చిల్లగింజకు బురద దిగును, కాచినచో రోగక్రిములు నశించును. కాని యెరువులవలన నీటిలో గలిసిన నైట్రేటు కాచినను పోదు. నీరు మరిగి తగ్గినకొలది మఱింత చిక్కనగును. అట్టి నీటితో కలిపిన పోతపాలు పసిబిడ్డలకు మిక్కిలి యపాయకరములు. ఈ శుద్ధి వంటింటిలో సాధ్యము గాదు. పొలములోనే జరుగవలెను.

విజయవాడకడ కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియైనది. దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. అక్కడ బయలుదేరిన బందరు, ఏలూరు, రైవసు కాలువలు పైరులకే గాక యూళ్లకును ప్రాణాధారములు. సముద్రతీర గ్రామములలో నూతినీరు ఉప్పన యగుటచే, మంచినీటి చెరువును కాలువనీటితోనే నింపుకొందురు. వరిమడి నీరు గట్టు దాటి పొరుగువారి మడిలోనికి, అటనుండి మురుగుకాలువకు జారును. తూర్పుడెల్టాలో కొంత కొల్లేటికిని చేరును. చివరి భూములవారు ఆ మురుగునీటినే మరల తోడి పైరులకు పెట్టుకొనుటయు గలదు. ఇట్లుండగా ఒక్కరు మాత్రమే పురుగుమందు మానిన నేమి లాభము? ఒకే పంటబోదె క్రిందివారందఱును కలసి రావలెను.

ఆంధ్రప్రదేశమున 2016లో ప్రారంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున మా కన్నిటికంటె నచ్చినది యిదియే. ప్రభుత్వ పక్షమున రైతు సాధికార సంస్థ దీనిని నడుపుచున్నను, పని సాగుచున్నది స్త్రీల పొదుపు సంఘముల ద్వారమున. ఇష్టమైనవారే చేరుదురు, ఈ సాగు చేసి చూచిన రైతులే తోటివారికి నేర్పుదురు. ఎకరమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, ఆవు పంచితము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను కలిపి పులియబెట్టినదే జీవామృతము. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానమున నీ కార్యక్రమమునకు భాగము లభించినది.

అయినను కష్టములు దాచరాదు. ఆ పేడ యెత్తుట, కషాయములు కాచుట, బిందెలతో మోయుట చాలవఱకు ఆడువారి నడుములమీదనే పడుచున్నవి. ఉపన్యాసములలో నీ మాట తఱచుగా వినరాదు. ఆవు పేడ గదా యని విచ్చలవిడిగా పోసి వానలో కొట్టుకొనిపోనిచ్చినచో అదియు నీటిని చెఱచును. యూరియాను మానలేనివారును ఒక పని చేయగలరు: చల్లిన పిమ్మట కొన్ని దినములు మడవ గట్టిగా కట్టి, మడి నీరు బయటికి పోకుండ కాపాడవలెను. దీనికి కాసు ఖర్చు లేదు.

అసలు చిక్కు కౌలుది. డెల్టాలో పెక్కుమంది దున్నునది పరుల భూమి. కౌలు ఏడాదికో, పంటకో. నేల బలపడుటకు కొన్ని యేండ్లు పట్టును. వచ్చే యేటికి తనచేత నుండునో లేదో తెలియని మడికి జీవామృతము మోయుమని ఏ కౌలురైతు భార్యతో మనము చెప్పగలము? భూములు కౌలుకిచ్చి పట్టణమున కాపురమున్న సోదరీమణులు మన పాఠకురాండ్రలో పెక్కుమంది గలరు. కౌలుమాట తిరిగి వచ్చునప్పుడు, మూడేండ్ల గడువు వ్రాసియిచ్చుట వారి చేతిలోని పని.