వేవిళ్ళ మాత్ర: హాని లేదు సరే, మేలెంత?

వేవిళ్ళకు డాక్టర్లు ఎక్కువగా రాసే మాత్రలో డాక్సిలమిన్, విటమిన్ బి6 ఉంటాయి. బిడ్డకు హాని చేస్తుందన్న కోర్టు కేసుల వల్ల 1983లో కంపెనీ దీన్ని అమెరికా మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది. ఆ ఆరోపణ పరిశోధనల్లో నిలబడలేదు. 2013లో అక్కడే మళ్ళీ అనుమతి వచ్చింది.

అయితే హాని లేకపోవడం వేరు, మేలు చేయడం వేరు. ఆ అనుమతికి ఆధారమైన ట్రయల్‌లో సుమారు 260 మంది గర్భిణులున్నారు. వాంతుల తీవ్రతను 3 నుంచి 15 దాకా కొలిచారు. రెండు వారాల్లో మందు వాడినవారి స్కోరు 4.8 తగ్గింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిదీ 3.9 తగ్గింది! అంటే మందు తెచ్చిన అదనపు మేలు ఒక పాయింటు లోపే. వాడొద్దని కాదు, కొందరికి ఆ కాస్తే ఊరట.

అసలు చిక్కు వేరే ఉంది. వాంతులు మితిమీరే హైపరెమెసిస్‌లో ఈ మందును పరీక్షించలేదని దాని లేబులే చెబుతోంది. కూలి పోతుందని ఎండలోనే మిరప కోసే దళిత మహిళకు నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే, మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తుంటే, ‘వేవిళ్ళు మామూలే’ అని మాత్రతో పంపేయడం ఏ ఆధారం మీద? ఆమెకు కావాల్సింది సెలైన్, రక్త మూత్ర పరీక్షలు, అవసరమైతే అడ్మిషన్. రోజుల తరబడి వాంతులైతే గ్లూకోజు ఎక్కించే ముందు విటమిన్ బి1 ఇచ్చారా అని కూడా అడగాలి. అది ఇవ్వకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదముంది.