కారంపూడి ఐదు రోజులు: ఫలితం మారని పోరు

గతించిన పోరును మళ్లీ ఆడి చూడాలన్న కోరిక మానవునికి సహజమైనది. చదరంగపు ఆటగాడు పూర్వపు ఉద్దండుల ఆటలను ఎత్తు వెంట ఎత్తుగా తిరిగి పేర్చి చూచుకుంటాడు. నాటకకర్త కురుక్షేత్రాన్ని రంగస్థలం మీదికి తెస్తాడు. అమెరికా దేశంలో ఈ కోరిక ఒక విచిత్రమైన రూపం ధరించింది. అక్కడివారికి ప్రాణప్రదమైన బేస్‌బాల్ క్రీడను ఇంటిలో బల్లమీద ఆడుకొనేందుకు వీలుగా హాల్ రిచ్‌మన్ అనే ఆయన 1961లో "స్ట్రాట్-ఓ-మాటిక్" అనే ఆటను అమ్మకానికి తెచ్చాడు. అందులో ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క అట్ట ఉంటుంది. ఆ సంవత్సరం అతడు మైదానంలో ఎట్లా ఆడాడో ఆ లెక్కలను అనుసరించి అట్టమీద అంకెలు వేసి ఉంటాయి. పాచికలు వేసి, పడిన సంఖ్యను అట్టలో చూస్తే ఆటలో ఏమి జరిగినదీ తెలుస్తుంది. ఏనాడో ముగిసిపోయిన పోటీలను, ఏనాడో కీర్తిశేషులైన ఆటగాళ్లతో, ఈ విధంగా వారం వెంట వారం మళ్లీ ఆడించవచ్చు. ఆనాడు ఓడిన జట్టు ఈసారి గెలవవచ్చు. ఆ ఆటలోని ఆకర్షణ అంతా ఆ ఒక్క ఆశలోనే ఉంది.

మన పల్నాటిలో కూడా ఏటేటా ఒక పాత పోరును మళ్లీ నడిపిస్తారు. కార్తీక అమావాస్యనాడు మొదలై ఐదు రోజులపాటు కారంపూడిలో జరిగే పల్నాటి వీరుల ఉత్సవమే అది. అయితే ఇక్కడ పాచికలు లేవు. ఎన్ని సంవత్సరాలు నడిపినా ఓడినవారు ఓడుతూనే ఉంటారు, ఒరిగినవారు ఒరుగుతూనే ఉంటారు. ఫలితం ముందే తెలిసిన పోరును ఇన్ని తరాలుగా ఎందుకు తిరిగి నడుపుతున్నట్లు? ఒకనాడు తరగతిలో ద్విపద కావ్యాలను గురించి చెబుతుండగా గురజాల ప్రాంతపు విద్యార్థి ఒకడు లేచి, "గెలిచినవాళ్లే లేని యుద్ధానికి పండుగ ఎందుకండీ?" అని అడిగాడు. ఆనాడు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. ఆ లోటు తీర్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందుగా కథను సంగ్రహంగా జ్ఞాపకం చేసుకొందాం. పన్నెండవ శతాబ్దంలో పల్నాటిని హైహయ వంశీయులు పాలించారు. అనుగురాజు అనంతరం ఆయన కుమారులైన నలగామరాజుకూ, మలిదేవరాజుకూ మధ్య దాయాదుల తగవు పెరిగింది. గురజాల నలగామరాజుకు, మాచర్ల మలిదేవునికి రాజధానులైనాయి. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడి మాచర్ల పక్షంవారు వనవాసానికి వెళ్లడం, గడువు తీరిన తరువాత రాజ్యభాగం కోసం పంపిన రాయబారం విఫలం కావడం, చివరకు నాగులేటి ఒడ్డున కారంపూడి రణక్షేత్రంలో ఉభయ పక్షాలూ తలపడడం మనం ఎరిగినవే. ఈ యుద్ధం 1182 ప్రాంతంలో జరిగిందని సాధారణంగా చెబుతారు.

ఈ కథ మనకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి గ్రంథం దారి. శ్రీనాథునిదిగా ప్రసిద్ధి పొందిన "పల్నాటి వీరచరిత్ర" ద్విపదను అక్కిరాజు ఉమాకాంతంగారు పరిష్కరించి 1911లో ప్రకటించారు. యుద్ధానికీ శ్రీనాథునికీ నడుమ రెండు శతాబ్దాలకు పైగా అంతరం ఉందన్న సంగతి విద్యార్థులు మరువరాదు. కనుక కావ్యంలోని ప్రతి సంఘటననూ చరిత్రగా స్వీకరించలేము. రెండవది గానం దారి. వీరవిద్యావంతులు తరతరాలుగా ఈ కథను నోటితో నిలిపారు. వారిలో ఒకరైన అలిసెట్టి గాలేయ్య గానం చేసిన కథను అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగేర్ ఆంగ్లంలోకి అనువదించి, సుదీర్ఘమైన పరిశీలనతో సహా 1982లో గ్రంథంగా వెలువరించారు. అక్షరాస్యుల గ్రంథాలయాలకు దూరంగా ఉంచబడిన కుటుంబాలవారు భద్రపరచిన కథ ఆ విధంగా ప్రపంచ విద్వాంసుల బల్లమీదికి చేరింది. 1947లోనూ, 1966లోనూ వచ్చిన "పల్నాటి యుద్ధం" చలనచిత్రాలు ఇదే కథను ఇంటింటికీ చేర్చాయి.

గ్రంథమూ గానమూ కాక మూడవ దారి ఒకటి ఉంది. అదే కారంపూడి ఐదు రోజులు. అక్కడ కథను చదవరు, నడుస్తారు.

మొదటి రోజు రాచగావు. గావు అంటే బలి. వీరాచారవంతులు తమ పూర్వులనుంచి సంక్రమించిన వీరుల ఆయుధాలను పల్నాటినుంచీ, ఇతర ప్రాంతాలనుంచీ తీసుకొని కారంపూడి చేరతారు. కథలోని వీరనాయకులు అరువదియారుగురని ప్రతీతి. ఆయుధాలకు నాగులేటిలో స్నానం చేయించి, వీరుల గుడికి తెచ్చి పూజిస్తారు. ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉంది. నాటకంలో నటుడు వేషం వేసుకొంటాడు. ఇక్కడ వేషానికి ప్రాధాన్యం లేదు. ఆయుధమే వీరుడు. దానిని మోసేవాడు ఆ ఐదు రోజులూ ఆ వీరునికి బాధ్యుడు. బేస్‌బాల్ ఆటలోని అట్ట ఎట్లా ఒక ఆటగానికి ప్రతినిధియో, ఇక్కడి ఆయుధం అట్లా ఒక మృతవీరునికి ప్రతినిధి. కాని అట్టను పెట్టెలో పెట్టి మూత వేయవచ్చు. తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి కొడుకుకు వచ్చిన ఆయుధాన్ని అట్లా పెట్టి మరచిపోవడం సాధ్యం కాదు.

రెండవ రోజు రాయబారం. కొమ్మరాజు కుమారుడైన అలరాజు మాచర్ల పక్షాన రాయబారిగా గురజాలకు వెళ్తాడు. అతడు నలగామరాజుకు స్వయంగా అల్లుడు. సంధికి ఇంతకంటె తగినవాడు ఎవరుంటారు? అయినా రాయబారం ఫలించలేదు. అలరాజు విషప్రయోగానికి బలియై తిరిగి రాలేదు. మాటతో తీరవలసిన తగవు కత్తి వద్దకు చేరింది ఇక్కడనే.

మూడవ రోజు మందపోరు. వనవాసంలో ఉన్న మాచర్లవారి పశువుల మందపై జరిగిన దాడి, మందకు కాపరియైన లంకన్న మరణం ఈనాటి ఇతివృత్తం. రాజుల తగవులో మొదట నేలకొరిగినవాడు పశువుల కాపరి అన్నమాట. ఇదే సందర్భాన చాపకూడు జరుగుతుంది. ఒకే చాపమీద అన్ని కులాలవారూ కూర్చొని భోజనం చేసే ఈ ఆచారాన్ని బ్రహ్మనాయుడు ప్రారంభించాడని కథ చెబుతుంది. కన్నమదాసును ఆయన కుమారునిగా భావించి సేనలో అగ్రస్థానం ఇచ్చాడని కూడా చెబుతుంది. ఎనిమిది వందల సంవత్సరాలనాటి సంస్కారాన్ని నేటి మన మాటల్లో అతిగా వర్ణించనవసరం లేదు. కాని ఇతర సందర్భాలలో వేరువేరుగా కూర్చొనేవారు ఆ ఒక్క పూట పక్కపక్కన కూర్చుంటున్నారన్నది సామాన్య విషయం కాదు. మిగిలిన రోజుల్లో ఎందుకు కూర్చోరన్న ప్రశ్న కూడా ఆ చాపమీదే పుడుతుంది.

నాలుగవ రోజు కోడిపోరు. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు అనీ, నాగమ్మ పుంజు శివంగిడేగ అనీ జనశ్రుతి. ఓడినవారు రాజ్యం విడిచి ఏడేండ్లు వనవాసం చేయాలన్నది పందెం. ఉత్సవంలో పుంజులను ఎదురెదురుగా నిలిపి నాటి ఘట్టాన్ని తలపింపజేస్తారు. సంక్రాంతి రోజుల్లో డబ్బు ఒడ్డి సాగించే పందేలతో దీనిని కలపరాదు. జంతువులను పోరుకు పురికొల్పడం 1960నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. 1974నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం కూడా పందేలను నిషేధిస్తున్నది. పల్నాటి కథ చెప్పే నీతి సైతం అదే. ఒక కోడి కాలిమీద ఒక రాజ్యాన్ని ఒడ్డినవారి గతి ఏమైనదో ఆ మరునాడే చూపిస్తుంది.

ఐదవ రోజు కల్లిపాడు. యుద్ధం ముగిసే రోజు. ఆయుధాలు ధరించినవారు రణక్షేత్రానికి సాగి, అక్కడ వీరుల వలె నేలకొరుగుతారు. బాలచంద్రుడు మొదలుకొని అందరూ మళ్లీ ఒకసారి మరణిస్తారు. జయభేరి లేదు. పట్టాభిషేకం లేదు. కథలో కూడా యుద్ధానంతరం బ్రహ్మనాయుడు నాగమ్మను చంపక విడిచిపెట్టి, రాజ్యాన్ని నలగామునికే వదలి, గుత్తికొండ బిలంలో ప్రవేశించాడంటారు. ఎవరిని ఓడించడానికి యుద్ధం చేశారో వారికే రాజ్యం మిగిలింది. దానిని ఏలడానికి మనుషులే కరువైనారు.

ఇక్కడ జాగ్రత్తగా పరిశీలించవలసిన విషయం ఒకటి ఉంది. కథాక్రమం వేరు, ఉత్సవక్రమం వేరు. కథలో మొదట కోడిపోరు, దాని ఫలితంగా వనవాసం, వనవాసంలో మందపోరు, ఆ పిమ్మట రాయబారం, చివరకు యుద్ధం. ఉత్సవంలో రాయబారం రెండవ రోజుకు వచ్చింది. అన్నింటికీ మూలమైన కోడిపోరు యుద్ధానికి ముందురోజున నిలిచింది. చరిత్ర చూడాలని వచ్చినవారికి ఇది తారుమారుగా తోచవచ్చు. ఈ క్రమం ఎట్లా ఏర్పడిందో గాని, చూచేవారి మనసుపై దాని ప్రభావం మాత్రం స్పష్టం. రాయబారం, మంద, పందెం ఈ మూడూ ఒకదానికొకటి కారణాలుగా కాక, మూడు వేరువేరు ద్వారాలుగా కనిపిస్తాయి. సంధిని అంగీకరించి ఉంటే ఇక్కడ ఆగేది. నోరులేని పశువులపై చేయి చేసుకోకుంటే ఇక్కడ ఆగేది. పందెం కాయకుంటే అసలు మొదలే అయ్యేది కాదు. మూడు ద్వారాలూ మూసుకొనిన తరువాత మిగిలినది కల్లిపాడు ఒక్కటే.

ఓడినవారిని ఏటేటా స్మరించే సంప్రదాయం మన పల్లెలకు మరొక దారిలో కూడా పరిచితమే. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో హజ్రత్ ఇమామ్ హుస్సేన్ పరివారం అమరులైనారు. తెలుగు పల్లెల్లో మొహర్రం నాడు పీర్లను ఎత్తుకొని ఊరేగేవారిలో ముస్లింలతోపాటు హిందువులూ ఉంటారు. ఈ ఆచారాల విషయంలో ఇస్లామీయ పండితులకు భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఏ ఆచారం ఎవరిదైనా, రెండింటినీ చూచి పెరిగిన పల్లెవాసికి ఒక సంగతి బోధపడుతుంది. గెలిచినవారి కథ ఉత్సాహాన్ని ఇస్తుంది. ఓడినవారి కథ ప్రశ్నను ఇస్తుంది. ఉత్సాహం మరునాటికి చల్లారుతుంది. ప్రశ్న మరుసటి ఏడు మళ్లీ వచ్చి తలుపు తడుతుంది.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. పల్నాటి పేరు చెప్పగానే బయటివారికి పౌరుషంతోపాటు ముఠా కక్షలు కూడా జ్ఞాపకం రావడం మనకు బాధాకరమైన విషయం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు మనమంతా సంతోషించాము. రెండేండ్లు తిరిగాక, 2024 మే ఎన్నికల అనంతరం మాచర్ల, నరసరావుపేట ప్రాంతాలలో హింస చెలరేగి, నిషేధాజ్ఞలు విధించవలసి వచ్చినప్పుడు ఈ జిల్లా పేరే దేశమంతటా వినిపించింది. అటువంటి రోజుల్లో "మనది బ్రహ్మనాయుడి గడ్డ", "మనది బాలచంద్రుని రక్తం" అన్న మాటలు యువకుల నోట తేలికగా వస్తాయి. వారు స్మరించేది మూడవ రోజును కాదు, ఐదవ రోజును కాదు. యుద్ధానికి కదిలిన క్షణాన్ని మాత్రమే. ఐదు రోజుల కథలో ఒక్క గడియను తుంచుకొని, దానినే పల్నాటి పౌరుషమని చెప్పుకోవడం ఆ వీరులకు చేసే న్యాయం కాదు.

పాచికల ఆటలో గతాన్ని మార్చవచ్చు. అందుకే ఆడేవాడు "ఈసారి గెలుస్తామా?" అని అడుగుతాడు. కారంపూడిలో గతం మారదు. కనుక అక్కడ నిలిచినవాడు అడగగలిగినది ఒక్కటే: "దీనిని ఎక్కడ ఆపి ఉండవచ్చు?" ఈ ప్రశ్నను ఏడాదికొకసారి ఊరంతా కలిసి అడిగేందుకే ఫలితం మారని ఈ పోరును మన పెద్దలు నిలిపారని నేను భావిస్తున్నాను. గెలిచినవాళ్లే లేని యుద్ధానికి పండుగ ఎందుకంటే, గెలిచినవాళ్లు లేరన్న సంగతిని మరవకుండా ఉండేందుకే.

మన కళాశాలలో మాచర్లవారూ, గురజాలవారూ ఒకే బల్లమీద కూర్చొని చదువుకొంటున్నారు. ఉర్దూ మాట్లాడేవారూ తెలుగు మాట్లాడేవారూ ఒకే పంక్తిన భోజనం చేస్తున్నారు. విద్యార్థి మిత్రులు ఈ కార్తీకంలో వీలు చేసుకొని కారంపూడి వెళ్లి చూడాలని నా కోరిక. వెళ్లినవారు కోడిపోరు నాటికి పరుగెత్తి పోకుండా, మందపోరు నాడు చాపకూడు వద్ద కాసేపు నిలవాలి. కల్లిపాడు ముగిసిన తరువాత ఆ నేలమీది నిశ్శబ్దాన్ని కూడా కాసేపు వినాలి. పల్నాటి వీరచరిత్రకు అంతకంటె మంచి వ్యాఖ్యానం ఏ గ్రంథంలోనూ లభించదు.