గాలి వాలు తెలిస్తేనే గగన విహారం

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గద్ద రెక్క ఆడించదు. అయినా చుట్లు తిరుగుతూ పైపైకి పోతూనే వుంటుంది. కింద దుక్కి దున్నిన చేలో సుడిగాలి లేచి ఎండుటాకులను, దుమ్మును తాటిచెట్టంత ఎత్తుకు లేపుతుంది. పల్లెల్లో పుట్టి పెరిగిన వారికి ఈ రెండూ తెలిసినవే. ఎండకు వేడెక్కిన నేల మీది గాలి తేలికపడి పైకి లేవటమే ఈ రెండింటికీ కారణం. ఆ గాలినే నమ్ముకుని, ఇంజను లేకుండా, చుక్క పెట్రోలు పోయకుండా మనుషులు కూడా గంటల తరబడి ఆకాశంలో తిరుగుతున్నారు. మన దేశంలో అందుకు పేరుపడ్డ కొండ హిమాచల్ ప్రదేశ్‌లోని బిల్లింగ్.

కాంగ్రా జిల్లాలో, ప్రాచీనమైన బైజనాథ్ శివాలయానికి చేరువలో బీర్ అనే ఊరు వుంది. తేయాకు తోటలు, టిబెటన్ల బౌద్ధారామాలు వున్న ఊరు. అక్కడినుంచి 14 కిలోమీటర్లు ఘాటు రోడ్డు ఎక్కితే బిల్లింగ్ వస్తుంది. సముద్ర మట్టానికి సుమారు 8 వేల అడుగుల ఎత్తున వున్న పచ్చిక వాలు అది. వెనుక గోడ కట్టినట్టు ధౌలాధార్ పర్వతశ్రేణి. ఎగిరేవారు బిల్లింగ్‌లో లేచి, దాదాపు 3 వేల అడుగుల దిగువన బీర్ మైదానంలో దిగుతారు. 1980 దశకంలోనే ఇక్కడ హాంగ్ గ్లైడింగ్ పోటీలు జరిగాయి. 2015 అక్టోబరులో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్పు పోటీ మన దేశంలో మొట్టమొదటిసారిగా ఇక్కడే జరిగింది.

రెండు రకాల రెక్కలు

హాంగ్ గ్లైడర్‌ది బిగువైన రెక్క. అల్యూమినియం గొట్టాల చట్రానికి గుడ్డ బిగించి తయారు చేస్తారు. చూడటానికి పెద్ద గాలిపటంలా వుంటుంది. పైలట్ దాని కింద బోర్లా వేలాడుతూ, ఎదురుగా వున్న కడ్డీ పట్టుకుని ఒంటి బరువును ఎటు జరిపితే గ్లైడర్ అటు తిరుగుతుంది.

పారాగ్లైడర్‌లో చట్రమే లేదు. పక్కపక్కన కుట్టిన గుడ్డ సంచుల వరుస అది. ముందువైపు నోళ్ళు తెరిచి వుంటాయి. వాటిలోకి గాలి దూరి ఉబ్బితే రెక్క అవుతుంది, గాలి పోతే మళ్ళీ గుడ్డే. సన్నని తాళ్ళతో వేలాడే పీటలో పైలట్ కూర్చుంటాడు. ఎడమచేతి పిడి లాగితే ఎడమకు, కుడిచేతి పిడి లాగితే కుడికి తిరుగుతుంది. రెండూ కలిపి లాగితే వేగం తగ్గుతుంది. హాంగ్ గ్లైడర్ వేగంలో మిన్న. అయితే పారాగ్లైడర్‌ను మడిచి మూటకట్టి వీపున వేసుకుని కొండెక్కవచ్చు. అందుకే ఈనాడు దానికే ఆదరణ ఎక్కువ.

ఈ విద్యకు చరిత్ర చిన్నది కాదు. జర్మనీకి చెందిన ఒట్టో లిలియెంథాల్ 1891 నుంచి గుడ్డ రెక్కలు కట్టుకుని గుట్టల మీదినుంచి ఎగిరాడు. గాలి ఎటునుంచి వీచినా ఎగరటానికి వీలుగా 1894లో బెర్లిన్ దగ్గర మట్టి పోయించి ఒక గుట్టనే కట్టించుకున్నాడు. సుమారు 2 వేల సార్లు ఎగిరిన ఆయన 1896 ఆగస్టులో గ్లైడర్ కూలి మరణించాడు. అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ రొగాలో 1948లో భార్యతో కలిసి తయారు చేసిన మెత్తని గాలిపటం హాంగ్ గ్లైడర్‌కు దారి చూపింది. 1978లో ఫ్రాన్స్‌లోని మియుస్సీ గ్రామంలో కొందరు పారాచూటిస్టులు, విమానం ఎక్కే ఖర్చు లేకుండా కొండ వాలు మీద పరుగెత్తి పారాచూట్లతో ఎగిరారు. పారాగ్లైడింగ్‌కు అది నాంది.

కొండే ఎందుకు?

గ్లైడర్ ఎప్పుడూ కిందికే జారుతూ వుంటుంది. పారాగ్లైడర్ ఒక అడుగు దిగేలోగా ఎనిమిది, పది అడుగులు ముందుకు పోతుంది. అయితే చుట్టూ వున్న గాలి అంతకంటె జోరుగా పైకి లేస్తుంటే, ఆ గాలితోపాటు గ్లైడరూ పైకి పోతుంది. అటువంటి గాలి కొండ దగ్గర దొరుకుతుంది. వీచే గాలి కొండ వాలును తాకి పైకి మళ్ళుతుంది. ఎండ తగిలిన వాలు మీద వేడిగాలి లేస్తుంది. ఎండిన దుక్కి మీద, రాతి నేల మీద వేడిగాలి బాగా లేస్తుంది. నీళ్ళు నిలిచిన వరిచేను మీద అంతగా లేవదు.

కొండకు అవతలి వైపు సంగతి వేరు. ఏటిలో బండరాయి దాటిన నీరు సుళ్ళు తిరిగినట్టు, శిఖరం దాటిన గాలి కూడా విరిగి సుళ్ళు తిరుగుతుంది. అందులో చిక్కితే గుడ్డ రెక్క ముడుచుకుపోతుంది. ఉరుముల మబ్బు కిందికి పోతే అది మనిషిని పైకి లాగేస్తుంది. వానాకాలంలో జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు హిమాచల్‌లో పారాగ్లైడింగ్‌ను నిషేధించేది అందుకే.

తూర్పారబట్టే రైతు గాలి వాలు చూసి చేట ఎత్తుతాడు. గాలి తిరిగితే చేట దించుతాడు. కొండ మీద పైలట్ చేయవలసిందీ అంతే. గాలి ఎదురుగా, నిలకడగా వుంటేనే పరుగు తీయాలి. వీపు మీదినుంచి వీస్తే మూట కట్టుకుని జీపులో దిగిపోవాలి. అది పిరికితనం కాదు, ఆ విద్యలో మొదటి పాఠం.

కట్లు చూడనిదే కాలు కదపరాదు

నేర్చినవారే కాదు, ఏమీ తెలియని యాత్రికులు కూడా ఇప్పుడు ఎగురుతున్నారు. ఇద్దరు కూర్చునే గ్లైడర్‌లో యాత్రికుడు ముందు, పైలట్ వెనుక వుంటారు. బీర్ చుట్టుపక్కల యువకులకు ఇది జీవనోపాధి అయింది. జీపుల వారికి, హోటళ్ళ వారికి నాలుగు రాళ్ళు దొరుకుతున్నాయి. మన ప్రాంతంనుంచి కులూ, మనాలీ విహారయాత్రలకు వెళ్ళే యువతీ యువకులు కూడా దీనికి ఉబలాటపడుతున్నారు.

ఉబలాటం తప్పు కాదు, ఏమరుపాటే తప్పు. 2024 ఫిబ్రవరిలో కులూ జిల్లా డోభీలో తెలంగాణకు చెందిన ఒక యాత్రికురాలు గాలిలోంచి జారిపడి ప్రాణాలు కోల్పోయింది. భద్రతా బెల్టును సరిగా చూడకపోవటమే కారణమని అధికారులు ప్రాథమికంగా తేల్చారు. అదే సంవత్సరం అక్టోబరు చివరలో బీర్-బిల్లింగ్ ఆకాశంలో రెండు గ్లైడర్లు ఢీకొని బెల్జియం దేశస్థుడొకరు చనిపోయారు. మొదటిది నేల మీదే, ఒక్క నిమిషంలో నివారించదగ్గ ప్రమాదం.

ఎగరదలచినవారు ముందుగా తెలుసుకోవలసినవి కొన్ని వున్నాయి. పైలట్‌కు లైసెన్సు వుందా? హిమాచల్ ఏరో స్పోర్ట్స్ నిబంధనల ప్రకారం అది తప్పనిసరి. తలకు హెల్మెట్ ఇచ్చారా? ప్రధానమైన రెక్క పనికిరాకపోతే తెరవటానికి అదనపు పారాచూట్ వుందా? రెండు తొడలకు, ఛాతీకి కట్టే పట్టీల బకిల్స్ పడ్డాయా? వీటిని పైలట్ చూశాక, ఎగిరేవారు తమ చేత్తో మరొకసారి లాగి చూసుకోవాలి. లేచేటప్పుడు పైలట్ ఆగమనేదాకా పరుగు ఆపకూడదు, మధ్యలో చతికిలబడకూడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మొహమాటం విడిచిపెట్టటం. డబ్బు కట్టేశామని, తోటివారు నవ్వుతారని సందేహాన్ని దిగమింగనక్కరలేదు. పట్టీ వదులుగా తోచినా, గాలి ఎగదోస్తున్నా, పైలట్ హడావుడి పడుతున్నా "నేను ఎగరను" అనే హక్కు ప్రతి యాత్రికుడికీ వుంది. ఆ మాట అనవలసింది మాత్రం నేల మీద కాళ్ళు ఆని వుండగానే.