దాళ్వా కలుపునకు ఊరిలోనే చేసికొనదగిన చక్రము

సార్వా కోతలు ముగిసినవి. ధాన్యము ఇల్లు చేరుచున్నది. ధనుర్మాసపు మంచులో దాళ్వా ఆకుమళ్లు పచ్చబడుచున్నవి. కుప్పనూర్పునకును దాళ్వా ఊడ్పునకును నడుమ మన రైతులకు దొరకు తీరిక కొలదిదినములే. ఆ దినములలో ఊరి వడ్రంగిచేతను, కమ్మరిచేతను చేయించుకొనదగిన రెండు పనిముట్లను గూర్చి సభ్యులకు తెలుపదలచినాము.

1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటనుండి మన డెల్టా సేద్యము కాలువనీటిపై నిలిచియున్నది. సార్వాలో గోదావరి నిండుగా పారును. దాళ్వాలో నది సన్నగిల్లును. సీలేరు జలాశయములనుండి విడుచు నీటిపై చాలవరకు ఆధారపడవలసి యుండును. నీరు తగ్గినయేడు వంతులు తప్పవు. మడిలో నీరు నిలువనిచో ఊద, తుంగ మొదలగునవి తలయెత్తును. అందఱును ఇంచుమించు ఒకేమారు ఊడ్చుటచే కలుపుపని కూడ అందఱకు ఒకేమారు వచ్చును. అప్పుడు కూలీలు దొరకరు. పదిదినములు ఆలస్యమైనచో మనము అప్పుచేసి వేసిన ఎరువును కలుపే తినివేయును. దాళ్వాలో లాభనష్టములు పెక్కుమారులు ఈ పదిదినములయందే తేలుచున్నవి.

కలుపు తీయు చక్రము క్రొత్తది కాదు. 1950 తరువాత జపాను వరిసాగు పద్ధతితో అది మన దేశమున ప్రచారమునకు వచ్చెను. 1980వ దశకమున మడగాస్కరులో రూపొందిన 'శ్రీ' పద్ధతి 2003లో మన రాష్ట్రపు పొలములలో ప్రయోగింపబడినప్పుడు మరల దాని పేరు వినబడెను. ఐనను పెక్కుచోట్ల ఆ చక్రములు కొట్టములలో త్రుప్పుపట్టినవి. ఇందుకు ముఖ్యకారణములు రెండు. మడిలో వరుసలు లేకుండుట యొకటి, యంత్రము నేలకు తగనిదగుట రెండవది.

కావున ముందు చేయవలసినది వరుసలు గీయు దంతె. ఏడెనిమిది అడుగుల తేలికకఱ్ఱకు పదేసి అంగుళముల యెడముతో మేకులవంటి పండ్లు బిగించి, నడుమ లాగుటకు పిడి అమర్చవలెను. దమ్ముచేసి చదునుచేసిన మడిలో నీరు తీసి, దీనిని నిలువునను అడ్డమునను లాగినచో గళ్లు పడును. గళ్లు కలియుచోట నారు నాటవలెను. లేతనారైనను, ముదురునారైనను వరుస తప్పకున్న చక్రము నడచును. వరుస తప్పినచో ఎంత మంచి చక్రమైనను పైరునే త్రొక్కును.

ఇక చక్రము. దీనికి నాలుగు భాగములు: ముందు పడవ, వెనుక పండ్లచక్రము, ఇరుసు, పిడి. రేకుతో చేసి ముక్కును పైకి వంచిన పడవ యంత్రమును బురదలో దిగబడనీయదు. మన డెల్టా బంకనేలలో దమ్ము లోతుగానుండును గనుక ఈ పడవ కొంత వెడల్పుగా నుండవలెను. మెట్టప్రాంతపు కొలతలను అట్లే తీసికొనరాదు. పండ్లచక్రపు వెడల్పు అయిదారు అంగుళములు మించరాదు. అది రెండుప్రక్కల మొదళ్లకు తగులక వరుసల నడుమ తిరుగవలెను. మొత్తము బరువు అయిదారు కిలోలలోపుననే యుండునట్లు చూచుకొనవలెను. పిడి పొడవును మనిషి యెత్తునుబట్టి మార్చుటకు రెండుమూడు బెజ్జములు వేయింపుడు. ఇరుసు తిరుగు బెజ్జములే ముందుగా అరుగును. అచ్చట మార్చుకొనుటకు వీలగు గొట్టపుముక్కను అమర్చి, తక్కిన భాగములను బోల్టులతో బిగించినచో, ఏది విరిగినను ఊరి కొలిమిలోనే బాగుచేసికొనవచ్చును.

ఊడ్చిన పదిపండ్రెండు దినములకు మొదటిసారి, పిమ్మట పదేసి దినములకు, పైరు కమ్ముకొనువరకు రెండుమూడుసారులు త్రిప్పవలెను. మడిలో పలుచగా నీరుండవలెను. ఎండిన నేలలో పండ్లు దిగవు. నీరు లోతుగానున్న పెరికిన కలుపు తేలి మరల నాటుకొనును. ముందుకు నెట్టుచు, కొంచెము వెనుకకు లాగుచు సాగినచో కలుపు బురదలో అణగి క్రుళ్లి ఎరువగును; వేళ్లకు గాలి తగులును. మొదళ్ల నానుకొనియున్న కలుపును మాత్రము చేతితోనే తీయవలెను.

ఇక్కడ ఒక మాట దాచక చెప్పవలసియున్నది. కలుపుపని మన గ్రామములలో ముఖ్యముగా స్త్రీలది. వారు దినమంతయు నడుము వంచి సంపాదించు కూలికి ఈ చక్రము అడ్డురాగూడదు. కావున సంఘము కొన్ని చక్రములను ఉమ్మడిగా చేయించి, వాటిని నడపుట ముందు ఆ స్త్రీలకే నేర్పి, ఎకరమునకు ఇంత యని న్యాయమైన కూలి ముందే నిర్ణయించుట మేలని మా అభిప్రాయము. నడుపువారికి బరువైన యంత్రము చెడ్డ యంత్రమే. కావున మొదటి చక్రమును వారిచేతనే పరీక్షింపజేయుడు.

పల్లెవారిచేత యంత్రనిర్మాణము సాధ్యమాయని సందేహించువారు కలరు. వారు చింతకింది మల్లేశముగారిని తలచుకొనవలెను. పూర్వపు నల్గొండజిల్లా ఆలేరు ప్రాంతమునకు చెందిన ఈ చేనేత కుటుంబీకుడు చిన్నతనముననే బడి మానెను. ఆసు పోయుటకు దినమునకు వేలమారులు చేయి త్రిప్పుచు బాధపడు తల్లి లక్ష్మిగారి శ్రమ చూడలేక, ఏండ్లతరబడి ఒక్కొక్క భాగమునే చేసి, చెడినదానిని దిద్ది, 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసి దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ పొందెను. ఆయనకు తోడ్పడినది ఆ పనిని దగ్గరగా చూచిన కన్ను, మరల మరల దిద్దు ఓర్పు. ఆ రెండును మన రైతులకు కొఱత కాదు.

ఈయేడు ప్రతి గ్రామసంఘమును ఒక దంతెను, ఒక చక్రమును సంక్రాంతిలోపున చేయించి, దమ్ముచేసిన మడిమూల యొకటి ఎంచుకొని నడపిచూడవలెనని కోరుచున్నాము. దిగబడినచో పడవను వెడల్పు చేయుడు. బరువైనచో ఇనుము తగ్గింపుడు. మీకు కుదిరిన కొలతలను మాకు వ్రాసిపంపినచో ఇతరగ్రామములవారికి తెలియజేయుదుము.