డబ్లిన్ డాక్‌ల్యాండ్స్ స్టేషన్ అక్కడే ఎందుకు కట్టారు?

డబ్లిన్ అనగానే మనకి గూగుల్ ఆఫీసు గుర్తొస్తుంది కదా. నేనివాళ చెప్పేది అదే ఊళ్ళో, లిఫీ నది ఉత్తరపు ఒడ్డున పాత రేవు ప్రాంతంలో ఉన్న ఓ చిన్న రైల్వే స్టేషన్ గురించి. పేరు డాక్‌ల్యాండ్స్. 2007 మార్చిలో తెరిచారు.

మరి అక్కడే ఎందుకు? పడమటి శివార్లలో జనం పెరిగిపోయారు, రైళ్ళు పెంచాలి. కానీ అవి చేరాల్సిన కానలీ స్టేషన్‌లో పొద్దున పూట ఇంకో రైలుకి చోటు లేదు. పక్కనే నార్త్ వాల్‌లో గూడ్స్ యార్డు ఉంది, పట్టాలూ ఉన్నాయి. సరే, అక్కడే కట్టేశారు. అంటే జనం ఎక్కడికి వెళ్ళాలన్నది కాదు, రైలు ఎక్కడ ఆగగలదన్నదే చూశారు.

నాకు నచ్చనిది ఇదే. రైలు దిగాక ఏంటి? లువాస్ ట్రామ్ ఆ వైపు వచ్చింది 2009 డిసెంబర్‌లో. ఇప్పటికీ స్టాపు దాకా కొంచెం నడవాల్సిందే, పైగా అక్కడ వాన సంగతి తెలిసిందే! అందుకే డార్ట్ ప్లస్ వెస్ట్ ప్లాన్‌లో దీని బదులు ట్రామ్ పక్కనే స్పెన్సర్ డాక్ అనే కొత్త స్టేషన్ పెట్టారు.